మూత్రపిండపు కాన్సరు — కుడియెడమల విచారణ

మనుష్యశరీరమున జంటలుగా నున్న యవయవములు పెక్కు కలవు. కన్నులు, చెవులు, ఊపిరితిత్తులు, మూత్రపిండములు అట్టివి. ఇట్టి జంటలో నొకదానికి వ్యాధి సోకినదని తెలిసినంతనే "ఏ ప్రక్కది?" యను ప్రశ్న పుట్టుట సహజము. మూత్రపిండమునందు కాన్సరు పుట్టినయెడల ఈ ప్రశ్నకు విశేషమైన ప్రాధాన్యము కలదు. అది కుడిప్రక్కన పుట్టిన నొక ఫలము, ఎడమప్రక్కన పుట్టిన వేరొక ఫలము కలుగునా? రోగి యాయుర్దాయమునకు ప్రక్కతో నేమైన సంబంధము కలదా? ఈ విషయమును విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేను వైద్యుడను గాను. ధర్మపురి జిల్లా కడత్తూరు ప్రాంతమున తెలుగు పిల్లలకు మాతృభాషను బోధించు నుపాధ్యాయుడను. అయినను ఈ విషయమును చేపట్టుటకు కారణము లేకపోలేదు. మన యిండ్లలో ఎడమకంటె కుడి శ్రేష్ఠమను భావము బలముగా నాటుకొనియున్నది. మగవానికి కుడికన్ను అదిరిన మేలనియు, ఎడమకన్ను అదిరిన కీడనియు చెప్పుకొనుట అందరెరిగినదే. గుండె యెడమవైపున నున్నది గనుక ఆ వైపు రోగము ప్రాణాంతకమని తలచువారును కలరు. ఇట్టి తలపులతో నొక కుటుంబము భయపడి చికిత్సను జాగు చేసినను, వేరొక కుటుంబము "మనది కుడిప్రక్కదే గదా" యని తేలికగా నుండినను, నష్టపడువాడు రోగియే. కావున శాస్త్రజ్ఞులు నిర్ధారించిన విషయమును మన భాషలో మనవారికి తెలుపుట ఉపాధ్యాయునకు తగిన పనియే యని నమ్ముచున్నాను.

1. మాటల విచారణ

మొదట మాటలను సరిచూచుకొందము. తెలుగున మూత్రపిండమనియు, సంస్కృతమున వృక్కమనియు, తమిళమున సిరునీరకమనియు పిలువబడున దొక్కటే యవయవము. తమిళ వాడుకలో దీనికే గుండిక్కాయ్ అను పేరును కలదు. ఇచ్చట తెలుగువారు జాగ్రత్త వహింపవలెను. మనకు గుండెకాయ యనగా హృదయము. పొరుగింటి తమిళ వృద్ధురాలు తనకు గుండిక్కాయ్‌లో నొప్పి యున్నదని చెప్పిన, మన వాడు గుండెజబ్బని భ్రమించు నవకాశము కలదు.

కాన్సరునకు పూర్వము మనవారు వాడిన పేర్లు రాచపుండు, పుట్టకురుపు అనునవి. తమిళులు పుఱ్ఱునోయ్ అందురు. తమిళ పుఱ్ఱును తెలుగు పుట్టయు నొకటే. చెదపురుగులు నేలలోపల ఎచ్చటనో మొదలుపెట్టి, మన కంటబడకుండ శాఖోపశాఖలుగా వ్యాపించి, తుదకు పైకి లేచిన మట్టిదిబ్బవలె ఈ వ్యాధియు లోలోపల పెరిగి వెలికి వచ్చునని మన పెద్దలు గ్రహించిరి. మూత్రపిండపు కాన్సరు విషయమున ఈ పోలిక మిక్కిలి తగినది.

ఇక కుడియెడమలు. తమిళమున కుడివైపును వలదు అనియు, ఎడమవైపును ఇడదు అనియు నందురు. మన ఎడమయు వారి ఇడదును ఒకే మూలమునుండి వచ్చినవి. వారి వలదు మనకు వలపల యను మాటలో నిలిచియున్నది. సేద్యగాండ్రు కాడికి కుడివైపున కట్టినదానిని వలపటి యెద్దనియు, ఎడమవైపున కట్టినదానిని దాపటి యెద్దనియు చెప్పుట నేటికిని పల్లెలలో వినబడును. కాని తెలుగుమాత్రమే తెలిసినవానికి వలదు అనగా అక్కరలేదు అని యర్థము. రెండు భాషల నడుమ బ్రదుకు మనకు ఇట్టి చిక్కులు నిత్యము నెదురగును. ఆసుపత్రిలో నివి ఎంతటి ముప్పునకు దారితీయగలవో తరువాత చూతము.

2. రెండు మూత్రపిండముల స్థితి

మూత్రపిండములు కడుపులోని ప్రేవులకు వెనుకగా, వెన్నెముకకు ఇరువైపుల నుండును. ఒక్కొక్కటి సుమారు 10 మొదలు 12 సెంటీమీటర్ల పొడవు కలిగి, చిక్కుడుగింజ యాకారమున నుండును. ఒక్కొక్కదానిలో ఇంచుమించు పదిలక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములున్నవి. గుండె పంపు రక్తమున అయిదవవంతు మొదలు నాలుగవవంతు వరకు వీనికే చేరును. ఇంత రక్తము ప్రవహించుటచేతనే ఇచ్చట పుట్టిన కాన్సరు రక్తమార్గమున దూరమునకు పోవుట సులభమగుచున్నది.

గర్భస్థశిశువునందు రెండును ఒకే రీతి మూలకణములనుండి, ఒకే క్రమమున ఏర్పడును. పని విషయమున వీనికి భేదము లేదు. ఒకటి తీసివేసినను, రెండవది ఆరోగ్యముగ నున్నచో మనుష్యుడు జీవింపగలడు. భేదమంతయు వాని స్థానమునందును, ఇరుగుపొరుగునందును, రక్తనాళముల యమరికయందును ఉన్నది.

కుడిప్రక్కన పెద్దదగు కాలేయ ముండుటచే కుడి మూత్రపిండము కొంచెము దిగువగా నుండును. దాని ముందు చిన్నప్రేవుయొక్క మొదటి భాగమును, పెద్దప్రేవు వంపును ఉండును. ఎడమదాని చెంత ప్లీహము, క్లోమగ్రంథి తోక, జీర్ణాశయము, పెద్దప్రేవుయొక్క రెండవ వంపు నుండును.

రక్తనాళముల యమరిక యింకను ముఖ్యమైనది. గుండెనుండి రక్తమును క్రిందికి గొనిపోవు మహాధమని వెన్నెముక ముందు కొంచెము ఎడమకు జరిగియుండును. క్రిందిభాగమునుండి రక్తమును గుండెకు చేర్చు అధోమహాసిర కుడివైపున నుండును. కావున కుడి మూత్రపిండముయొక్క సిర మిక్కిలి పొట్టిది. 2 మొదలు 4 సెంటీమీటర్లు మాత్రమే పోయి మహాసిరలో కలియును. ఎడమ సిర 6 మొదలు 10 సెంటీమీటర్ల పొడవు కలది. అది మహాధమనిని ముందువైపునుండి దాటి మహాసిరను చేరవలెను. దారిలో అది యుపవృక్కగ్రంథి సిరను, పురుషులలో ఎడమ వృషణపు సిరను, స్త్రీలలో ఎడమ అండాశయపు సిరను తనలో చేర్చుకొనును. కుడివైపున ఈ సిరలు మూత్రపిండపు సిరతో పనిలేక నేరుగా మహాసిరలోనికే పోవును. వాగు నేరుగా ఏటిలో పడుటకును, నాలుగు పిల్లకాలువలను కలుపుకొని వచ్చి యేటిలో పడుటకును గల భేదమే వీనికి కలదు.

మూత్రపిండమును దానము చేయువారినుండి సాధారణముగ ఎడమదానినే తీయుటకు కారణము ఈ పొడవైన సిరయే. మన పొరుగున వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1971లో మనదేశమున మొదటి సఫల మూత్రపిండమార్పిడి జరిగెను. నాటినుండి నేటివరకు ఈ శస్త్రచికిత్స చేయు వైద్యులు, ఇతర విషయములు సమానమైనచో, ఎడమవైపునకే మొగ్గుచూపుచున్నారు. ప్రక్కభేదము వట్టి యూహ కాదనియు, శస్త్రకారుని చేతికి తగులు సత్యమనియు దీనివలన తెలియును.

3. వ్యాధి స్వరూపము

మూత్రపిండపు కాన్సర్లలో నూటికి ఎనుబదియైదుకు పైగా దాని సూక్ష్మనాళముల గోడలలోని కణములనుండి పుట్టును. 1883లో జర్మనుడగు గ్రావిట్జు ఇవి మూత్రపిండములో చిక్కుకొనిన ఉపవృక్కగ్రంథి కణములనుండి పుట్టుచున్నవని భావించెను. ఆ యభిప్రాయము తప్పని తరువాత తేలినను, ఆయన పేర వీనిని గ్రావిట్జు గడ్డలని పిలుచుట చాలకాలము సాగినది. వీనిలో ముప్పాతిక భాగము వరకు, సూక్ష్మదర్శినిలో కణములు తేటగా కనబడు రకమునకు చెందినవి.

2022 సంవత్సరమున ప్రపంచమున సుమారు 4,35,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగా కనుగొనబడినదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ అంచనా. మనదేశమున ఏటేట పదునారువేలకు పైగా కనబడుచున్నవని 2020 సంవత్సరపు అంచనా. స్త్రీలకంటె పురుషులలో ఇది యించుమించు ఒకటిన్నర మొదలు రెండురెట్లు హెచ్చు. పొగత్రాగుట, అతిస్థూలత్వము, రక్తపుపోటు అను మూడును దీనికి నిరూపితములైన హేతువులు. కొన్ని కుటుంబములలో వంశపారంపర్యముగ వచ్చుటయు కలదు. అట్టి యొక వంశవ్యాధికి మూలమగు జన్యువు 1993లో కనుగొనబడినది. వంశముగా వచ్చినప్పుడు రెండు ప్రక్కల గడ్డలు పుట్టుట తరచు. తక్కినవారిలో రెండు ప్రక్కలను కనబడుట అరుదు. ఒక ప్రక్కన మాత్రమే పుట్టునప్పుడు కుడియెడమలు ఇంచుమించు సమానముగనే యుండును.

ఇచ్చట రెండు భ్రమలను తొలగింపవలెను. శ్రీకాకుళపు ఉద్దానమున వేలకొలది జనులను పీడించుచున్న మూత్రపిండవ్యాధి కాన్సరు కాదు. అది మూత్రపిండములు క్రమముగా పనిచేయుట మానివేయు వ్యాధి. అట్లే మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భజలములలోని ఫ్లోరైడు పండ్లను, ఎముకలను చెరచునదిగా ప్రసిద్ధమే గాని, మూత్రపిండపు కాన్సరునకు నిరూపితమైన హేతువులలో అది లేదు.

4. ప్రక్కనుబట్టి కలుగు భేదములు

ప్రక్కనుబట్టి వ్యాధిలక్షణములలోను, చికిత్సలోను కలుగు భేదములు నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది వృషణపు సిరల యుబ్బు. ఎడమ మూత్రపిండపు సిరలో గడ్డ పెరిగి రక్తమున కడ్డుపడినచో, దానిలోనికి రావలసిన వృషణపు రక్తము వెనుకకు నిలిచి, అచ్చటి సిరలు పురుగులముద్దవలె నుబ్బును. పడుచువారిలో ఎడమవైపున ఇట్టి యుబ్బు సాధారణముగ నుండునదే; దానికి కాన్సరుతో పనిలేదు. కాని నడివయస్సు దాటినవానికి హఠాత్తుగా పుట్టినను, పండుకొనినప్పుడు తగ్గకున్నను, లేక కుడివైపున మాత్రమే కనబడినను, మూత్రపిండములను పరీక్షింపవలెను. సిగ్గుచేత దీనిని దాచుకొనువారు మనలో పెక్కుమంది. దాచదగిన విషయము కాదిది.

రెండవది, గడ్డ సిరలోనికి ప్రాకుట. ఈ కాన్సరునకు తీగవలె సిరవెంట పెరుగు స్వభావము కలదు. కొందరిలో అది మహాసిరను చేరి, మీదికి కాలేయమువరకును, మిక్కిలి యరుదుగ గుండె కుడిగదివరకును పోవును. కుడి సిర పొట్టిది గనుక కుడిగడ్డలు మహాసిరను చేరుట హెచ్చుగా కనబడుచున్నది.

మూడవది ఇరుగుపొరుగు. కుడిగడ్డ మితిమీరి పెరిగిన కాలేయమును, ఎడమగడ్డ ప్లీహమును, క్లోమమును అంటుకొనవచ్చును. రసగ్రంథుల దారియు వేరు. ఎడమదాని రసము మహాధమని ప్రక్కనున్న గ్రంథులకును, కుడిదాని రసము మహాసిరచుట్టును, రెండు నాళముల నడుమను ఉన్న గ్రంథులకును పోవును.

నాలుగవది శస్త్రచికిత్స. కుడివైపున కాలేయమును పైకెత్తి, చిన్నప్రేవు మొదటి భాగమును ప్రక్కకు జరిపి, పొట్టిసిరను మహాసిరకు దెబ్బ తగులకుండ కట్టవలెను. ఎడమవైపున సిర పొడవగుటచే కట్టుట సులభము గాని, ప్లీహమునకు గాయము కాకుండ చూచుకొనవలెను. కుడిగడ్డకై మహాసిరలో కొంతభాగమును తీసివేయవలసి వచ్చినప్పుడు ఎడమ సిరను కట్టివేసినను, పైన చెప్పిన పిల్లకాలువలగుండ ఎడమ మూత్రపిండపు రక్తము దారి చేసికొనగలదు. కుడిదానికి ఆ సౌకర్యము లేదు. పొడుగుకోత లేకుండ చిన్నరంధ్రములనుండి మూత్రపిండమును తీయుట మొట్టమొదట 1990 జూనులో అమెరికాలోని సెయింట్ లూయీ పట్టణమున క్లేమన్ బృందముచే జరిగెను. అది గడ్డగల కుడి మూత్రపిండమే. నేర్పరియగు శస్త్రకారునకు రెండు ప్రక్కలను సాధ్యములేయని దీనివలన గ్రహింపవచ్చును.

5. ఆయుర్దాయమున భేదము కలదా?

ఇప్పుడు ముఖ్యప్రశ్నకు వత్తము. ఇన్ని భేదములుండగా రోగి బ్రదుకునందును భేదముండవలెను గదా యని తోచును. అమెరికా మొదలగు దేశములలో కాన్సరురోగుల వివరములను దశాబ్దములుగా చేర్చి యుంచిన పెద్ద జాబితాలు కలవు. అమెరికాదేశపు ముఖ్యమైన జాబితా 1973లో ఆరంభమైనది. వీనిని పరిశీలించిన పండితులలో కొందరు ఎడమగడ్డలవారి ఫలితములు కుడిగడ్డలవారికంటె కొంచెము తక్కువగా నున్నవని వ్రాసిరి. మరికొందరు తమ రోగులలో భేదమేమియు కానరాలేదనిరి. భేదము కనబడిన చోట్లను అది స్వల్పమే.

ఆ స్వల్పభేదమునకు కారణములుగా కొన్ని యూహలు చెప్పబడినవి. ఎడమసిర పలు చిన్నసిరలతో కలియుటచే కాన్సరు కణములకు దారులు హెచ్చని యొక యూహ. రసగ్రంథుల దారి వేరగుట యింకొకటి. మూడవది మన లోకానుభవమునకు దగ్గరగా నున్నది. కాలేయమునకును, పిత్తాశయములోని రాళ్లకును కడుపుకు స్కానింగు తీయుట నేడు సర్వసాధారణము. అట్లు తీయునప్పుడు కాలేయము చెంతనున్న కుడి మూత్రపిండము తప్పక కంటబడును. కావున కుడిగడ్డలు చిన్నవిగా నున్నప్పుడే దొరకు నవకాశము హెచ్చు కావచ్చును. అదే నిజమైనచో భేదమునకు కారణము ప్రక్క కాదు, కనుగొనిన కాలము. ఇవి యూహలే గాని సిద్ధాంతములు కావు.

ఇట్టి లెక్కలను చదువునప్పుడు రెండు విషయములు జ్ఞాపకముంచుకొనవలెను. పాఠశాలనుండి యుదాహరణము చెప్పెదను. రెండు విభాగములలో చేరి పదివేలమంది పిల్లలున్నారనుకొందము. ఒక విభాగపు సగటు మార్కులు రెండవదానికంటె ఒక మార్కు హెచ్చు. పిల్లల సంఖ్య పెద్దది గనుక ఆ భేదము కాకతాళీయము కాదని గణితశాస్త్రము చెప్పవచ్చును. అయినను ఆ విభాగమునందున్న యొక బాలుడు ఉత్తీర్ణుడగునో కాడో దానినిబట్టి చెప్పుట యసాధ్యము. భేదము నిజమగుట వేరు, పెద్దదగుట వేరు.

రెండవది, సమానులను సమానులతోనే పోల్చవలెను. ఒక విభాగమున పిల్లలు ఆలస్యముగ బడిలో చేరినవారైనచో, తక్కువ మార్కులకు విభాగము కారణము కాదు, చేరిక కారణము. అట్లే గడ్డ పరిమాణము, వ్యాప్తి, రోగి వయస్సు సమానముగ నున్నవారినే ప్రక్కనుబట్టి పోల్చవలెను. అట్లు పోల్చుకొలది ప్రక్కభేదము సన్నగిల్లుట సహజము.

ఈ కారణములచేతనే లోకమంతట వాడబడు వ్యాధిదశల వర్గీకరణమున కుడియెడమలకు చోటు లేదు. రోగముయొక్క భవిష్యత్తును అంచనా కట్టుటకు వైద్యులు నిత్యము వాడు పట్టికలలోను ప్రక్కను లెక్కింపరు.

6. ప్రేవులతో పోలిక

ప్రక్కభేదము ఏ యవయవమునందును లెక్కకు రాదని తలపరాదు. పెద్దప్రేవు కాన్సరునందు అది వచ్చును. పెద్దప్రేవు కుడిభాగము, ఎడమభాగము గర్భమున వేరువేరు మూలభాగములనుండి ఏర్పడును. వానికి రక్తమిచ్చు ధమనులును వేరు. వానిలో పుట్టు గడ్డల జన్యుస్వభావమును భిన్నముగ నుండును. దూరమునకు వ్యాపించిన ప్రేవు కాన్సరునందు కుడిభాగపు గడ్డలవారి ఫలితములు తక్కువయని స్థిరపడినది. కొన్ని మందులను ఎన్నుకొనుటలోను ప్రక్కను విచారింతురు.

మూత్రపిండముల విషయ మట్లు కాదు. రెండును ఒకే మూలమునుండి పుట్టినవి, ఒకే పని చేయునవి. వానిలోని గడ్డల రకములును అవియే. కావున ప్రేవులందు ప్రక్క యనగా గడ్డ స్వభావముయొక్క గుర్తు. మూత్రపిండములందు ప్రక్క యనగా గడ్డ నివసించు చోటు మాత్రమే. ఒక యవయవమునందు వినిన మాటను వేరొకదానికి అన్వయించుకొనుట తప్పుదారి పట్టించును.

7. ఫలమును నిజముగ నిర్ణయించునవి

అట్లైన ఫలమును నిర్ణయించున దేది? అన్నిటికంటె ముఖ్యము గడ్డ యెంతదూరము పోయినదనుట. గడ్డ 7 సెంటీమీటర్లకు లోబడి మూత్రపిండమునందే యున్నచో మొదటి దశ. అంతకు మించినను లోపలనే యున్నచో రెండవది. ప్రధాన సిరలనో, చుట్టునున్న క్రొవ్వునో, చెంతనున్న రసగ్రంథులనో చేరినచో మూడవది. ప్రక్కయవయవములకుగాని, ఊపిరితిత్తులు, ఎముకలు మొదలగు దూరభాగములకుగాని పోయినచో నాలుగవది. అమెరికా గణనములనుబట్టి, మూత్రపిండమునందే యున్నప్పుడు కనుగొనబడినవారిలో అయిదేండ్ల తరువాత బ్రదికియుండువారు నూటికి తొంబదికి పైగా. దూరమునకు వ్యాపించినపిమ్మట కనుగొనబడినవారిలో నూటికి ఇరువదికి లోపు. ఈ యగాధమును కుడియెడమల స్వల్పభేదముతో పోల్చిచూచిన, దేనికి భయపడవలెనో, దేనికి భయపడనక్కరలేదో తేటపడును.

దశకు తరువాత గడ్డ రకమును, కణముల వికారపు తరగతియు, రోగి సాధారణారోగ్యమును, రెండవ మూత్రపిండపు స్థితియు లెక్కకు వచ్చును. చిన్నగడ్డలకు మూత్రపిండమును పూర్తిగ తీయక, గడ్డను మాత్రము తొలగించుట నేటి పద్ధతి. 1960 ప్రాంతములలో టొరాంటోనగరపు రాబ్సన్ మూత్రపిండమును చుట్టునున్న పొరలతోకూడ తీసివేయు పద్ధతిని స్థిరపరచెను. పెద్దగడ్డలకు దాని యనుసరణము నేటికిని కలదు.

వ్యాపించిన వ్యాధికి పూర్వము మందు లేదనియే చెప్పవలెను. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనములనుండి కాన్సరునకు తొలి మందులలో కొన్ని పుట్టినవని తెలుగువారందరు గర్వింతురు. కాని మూత్రపిండపు కాన్సరు అట్టి కణనాశక మందులకు లొంగునది కాదు. 2005, 2006 సంవత్సరములలో గడ్డకు రక్తనాళములు పెరుగకుండ చేయు సోరఫెనిబ్, సునిటినిబ్ అను మాత్రలు అమెరికాలో అనుమతింపబడినవి. 2015లో శరీరముయొక్క రక్షణశక్తిని మేల్కొలుపు నివోలుమాబ్ ఈ వ్యాధికి అనుమతి పొందెను. 2018, 2019లలో ఇట్టి మందులను జంటలుగ నిచ్చు పద్ధతులు వచ్చినవి. ఈ మందులన్నియు ఏ ప్రక్క గడ్డకైనను ఒకే రీతిగ నీయబడును. మందునకు కుడియెడమలు తెలియవు.

8. ప్రక్క తప్పరాని చోటు

ఆయుర్దాయమునకు ప్రక్క ప్రధానము కాకున్నను, ఒక్కచోట అది ప్రాణముతో సమానము. అది శస్త్రచికిత్సాగారము. 2000 సంవత్సరమున బ్రిటనులోని వేల్స్ ప్రాంతపు లానెల్లీలో వ్యాధిగ్రస్తమైన మూత్రపిండమునకు బదులు ఆరోగ్యముగనున్న రెండవ ప్రక్కది తీసివేయబడి, రోగి కొలదివారములలో మరణించెను. సాధనసంపత్తిగల దేశములలోనే ఇట్టివి జరిగినవి. 2008లో ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించిన శస్త్రచికిత్సా జాగ్రత్తల పట్టికలో, రోగి పేరును, చేయబోవు చికిత్సను, ప్రక్కను రోగి నోటనే చెప్పించి, చర్మముమీద గుర్తు పెట్టవలెనని విధింపబడినది.

పొరపాటున కవకాశములు పెక్కు. వైద్యుడు రోగికి ఎదురుగ నిలుచును. ఆయన కుడి రోగికి ఎడమ. స్కానింగు చిత్రమున చూచువానికి ఎడమవైపున కనబడునది రోగికి కుడిభాగము. దీనికి తోడు మనవంటివారికి భాషల చిక్కు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, ఆసుపత్రి కాగితములపై ఇంగ్లీషు. తెలుగు కుడి యనుమాటకు తమిళమున త్రాగు అని యర్థము. వారి వలదు మనకు వద్దు. నొప్పిలోను, భయములోను ఉన్న వృద్ధునకు ఈ మూడు భాషలలో ప్రక్కను సరిగ చెప్పుట కష్టము. కావున మనవారు పాటింపదగిన పద్ధతి యిది: ప్రక్కను మాటతో మాత్రము చెప్పక, చేతితో నడుముప్రక్కను తాకి చూపవలెను. స్కానింగు కాగితమున వ్రాసిన ప్రక్కను చదువరియగు బంధువుచేత చదివించి, రోగి చూపినదానితో సరిచూడవలెను. శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు అదే ప్రశ్నను ముమ్మారు అడిగినను విసుగక ముమ్మారును చెప్పవలెను. అది యజ్ఞానము కాదు, జాగ్రత్త.

9. మన ప్రాంతమున చేయదగినవి

ఈ వ్యాధి తొలిదశలో నొప్పి కలిగింపదు. మూత్రమున రక్తము, నడుముప్రక్కన నొప్పి, చేతికి తగులు గడ్డ యను మూడు లక్షణములు కలిసి కనబడువారు నూటికి పదిమందికూడ నుండరు. కనబడునప్పటికి వ్యాధి ముదిరియుండుట తరచు. సగమునకు పైగా గడ్డలు వేరు కారణమునకు తీసిన స్కానింగులో కనబడునవే. కావున నొప్పిలేకుండ ఒక్కమారు మూత్రమున రక్తము పడి తానే ఆగిపోయినను, వేడిచేసినదని సబ్జాగింజల నీరు త్రాగి యూరకుండక, వైద్యుని చూడవలెను. కారణ మన్నివేళల కాన్సరు కాదు; రాళ్లుగాని, చీముపట్టుటగాని కావచ్చును. తేల్చవలసినది పరీక్షయే గాని మన యూహ కాదు. కారణము తెలియని రక్తహీనత, జ్వరము, బరువు తగ్గుట యను వానిని సయితము ఉపేక్షింపరాదు.

వైద్యసౌకర్యములు మన పూర్వులకంటె మనకు మేలుగనే యున్నవి. 1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిచే చెన్నపట్టణపు అడయారున కాన్సరు ఆసుపత్రి వెలసెను. ధర్మపురిలో ప్రభుత్వ వైద్యకళాశాల 2008లో ఏర్పడెను. పేదకుటుంబముల పెద్దచికిత్సలకై ముఖ్యమంత్రిపేర భీమాపథకము 2012లో ఆరంభమైనది. 2021 ఆగస్టులో ఇంటింటికి వచ్చి రక్తపుపోటును, మధుమేహమును పరీక్షించు తమిళనాడు ప్రభుత్వపథకము మన పొరుగున కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలిడబడెను. రక్తపుపోటు ఈ కాన్సరునకు హేతువులలో నొకటి యని ముందు చెప్పితిని. గుమ్మములోనికి వచ్చిన ఆరోగ్యసేవికకు చేయి చాచుటకు బద్ధకింపరాదు. బీడీ, చుట్ట, సిగరెట్టులను మానుట మన చేతిలోని పని.

ఉపసంహారము

ఇంతవరకు విచారించినదానివలన తేలిన సారాంశ మిది. కుడియెడమ మూత్రపిండములకు స్థానమునందును, సిరలయందును నిజమైన భేదములు కలవు. అవి కొన్ని లక్షణములను, శస్త్రకారుని పనిని మార్చును. రోగి యాయుర్దాయమున ప్రక్కభేదము కనబడినను స్వల్పము, అన్నిచోట్ల కనబడలేదు, చికిత్సను నిర్ణయించుటకు అది యాధారము కాదు. దశయే ప్రధానము, దశ కాలముపై ఆధారపడును. ఎడమయని క్రుంగుటకుగాని, కుడియని యేమరుటకుగాని కారణము లేదు.

కాడికి కట్టిన వలపటి యెద్దును, దాపటి యెద్దును బరువును సమానముగనే మోయును. ఒకటి కుంటుపడినప్పుడు రైతు అది ఏ ప్రక్కదని శకునము చూడడు. కాలు పట్టుకొని ముల్లెక్కడ నున్నదో వెదకును. మన యిండ్లలో ఈ వ్యాధి మాట వినబడినప్పుడు మనమును అట్లే చేయుదుము గాక.